ముందు బ్రేకు ఉన్నంతవరకే

పోయిన నెల పాండీ బజారులో ఒక చీరకు సరిపోయే జాకెట్టు గుడ్డ కోసం పది కొట్లు ఎక్కి దిగి, కాళ్లు పీకి, సిగ్నలు దగ్గర ఆటో కోసం నిలబడి ఉంటే, నా ముందు రెండు సైకిళ్లు వచ్చి ఆగాయి. ఆగాయి అనడం కూడా సరికాదేమో, ఎందుకంటే వాటి మీదున్న ఆడపిల్లలిద్దరూ కాలు కింద పెట్టకుండా, ముందు చక్రాన్ని కాస్త పక్కకు తిప్పి, జానెడు ముందుకూ జానెడు వెనక్కూ ఊగుతూ అలాగే నిలబడ్డారు. నా వయసు వాళ్లెవరైనా అయితే ఆ పిల్లల పొట్టి నిక్కర్లు చూసి గొణుక్కునేవారు. నేను మాత్రం చేతిసంచీ చంకలో పెట్టుకుని, వంగి, వెనక చక్రం మధ్యలో ఏముందో చూశాను. అంబత్తూరు ఎస్టేటులో ముప్పై మూడేళ్లు మరలు కొలిచి బతికినదాన్ని, ఉద్యోగం వదిలినా కళ్లు వదలవు.

ఎర్రదీపం పక్కన అంకెలు ఇంకా నలభై చిల్లర దగ్గర ఉన్నాయి. అంతలో ఒక పిల్ల కాస్త తూలింది, రెండోది నవ్వి, "కోడంబాక్కం పణ్ణాదేడీ" అంది. కోడంబాక్కం చేయకే అని. నాకు అర్థం కాక, అలా అంటే ఏమిటమ్మా అని అరవంలోనే అడిగాను. తెల్లజుట్టు చూసి కాబోలు, మర్యాదగానే చెప్పింది. ఎప్పుడో ఒకాయన కోడంబాక్కం వంతెన దిగుతూ పల్లం చూసి జడిసి పెడళ్ల మీంచి కాళ్లెత్తేశాడట, పోయి నీళ్ల లారీకి కొట్టుకున్నాడట, అప్పటినుంచి వాళ్లలో భయపడి కాళ్లెత్తడానికి అదే పేరట. ఆయనెవరో తెలుసా అంటే తెలియదంది. దీపం పచ్చబడింది, ఇద్దరూ వెళ్లిపోయారు. నా కోసం ఆగిన ఆటోవాడు రెండుసార్లు పిలిచి, విసుక్కుని, వేరే బేరం చూసుకున్నాడు.

ఆ ఒకాయన నా తమ్ముడు.

తెలియనివారి కోసం ఈ సైకిళ్ల సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మనం చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకుని తొక్కిన సైకిళ్లలో, తొక్కడం ఆపితే చక్రం దాని మానాన అది తిరిగేది, మనం కాళ్లు ఊరికే పెట్టుకుని గాలి తింటూ పల్లంలో జారిపోయేవాళ్లం. ఈ ఫిక్స్‌డ్ గేర్ సైకిలులో ఆ సుఖం లేదు. వెనక పళ్లచక్రం చక్రం మధ్యలో ఉండే హబ్బుకు కదలకుండా బిగించేసి ఉంటుంది కాబట్టి చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతాయి, పెడళ్లు తిరిగినంతసేపూ కాళ్లూ తిరగాల్సిందే. ఆపాలంటే పెడళ్ల పట్టీల్లో దూర్చిన ఆ కాళ్లతోనే పెడళ్లను వెనక్కి నొక్కిపట్టి ఆపాలి. అది బాగా వచ్చినవాళ్లు ముందు బ్రేకు కూడా పీకేసి తొక్కుతారు, అదే వాళ్లలో గొప్ప.

మావాళ్లు ఎన్ని తరాల కిందట ఈ ఊరు చేరారో ఇంట్లో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, కోపమొస్తే రెండూ. నాకూ తమ్ముడికీ పన్నెండేళ్ల తేడా. వాడు బడిలో ఉండగానే అమ్మా నాన్నా రెండేళ్ల తేడాలో పోయారు, నేను పెళ్లి మాట తలపెట్టకుండా వాణ్ణి పెంచాను. దాని గురించి ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్లు మండేది. వాడు పెద్దయి కోడంబాక్కంలో ఒక డబ్బింగు థియేటరులో శబ్దాలు కత్తిరించి అతికించే పనిలో చేరాడు, నేను రోజూ బస్సులో అంబత్తూరు పోయి మరలు సరిగా పడ్డాయో లేదో గేజి పెట్టి చూసే పనిలో ఉన్నాను. నేను నడిచొస్తుంటే లేతుల మీద మరలు కోసే టర్నర్లు చేసిన సరుకు గోనె కింద దాచేవారు. ఇన్‌స్పెక్షను చేసేవాళ్లను చూసి సంతోషించే మనిషి ఫ్యాక్టరీలో ఉండడు.

పదమూడేళ్ల కిందట మా పిన్నికొడుకు ఫోనులో ఎక్కడో ఈ సైకిళ్లను చూసి, తమ్ముడికి ఆ పిచ్చి ఎక్కించాడు. వాళ్లిద్దరూ పాత సామాన్ల అంగళ్లు తిరిగి తుప్పు పట్టిన పాత రేసు సైకిళ్ల చట్రాలు మోసుకొచ్చి, మా బాల్కనీలో కూర్చుని రంగు గీకడం మొదలుపెట్టారు. ఆరు నెలల్లో ఆదివారం పొద్దున ఆరింటికి కోడంబాక్కం స్టేషను పక్క టీకొట్టు దగ్గర పన్నెండు మంది చేరేవారు. ఒకడు బ్యాంకు గుమాస్తా, ఒకడు సినిమా సెట్లకు రంగులు వేసేవాడు, ఒకడు ఆటో తోలేవాడు, ఒకడు నాలుగంకెల గుణకారం నోటితో చేసే కంప్యూటరు ఇంజనీరు, కానీ ఆ గంటన్నరసేపు వాళ్లకు ఎవరి చక్రం ఎంత నిటారుగా తిరుగుతోందన్నది తప్ప వేరే కులం గోత్రం లేదు. టైరు ఒకేచోట ఎందుకు అరుగుతోంది, ఎన్ని పళ్ల చక్రానికి ఎన్ని పళ్లు జోడు పెడితే జారుడు బాగుంటుంది అని టీ చల్లారేదాకా వాదించుకునేవారు. సిగ్నలు పడితే ఎవరు ఎక్కువసేపు కాలు కింద పెట్టకుండా నిలబడతారో పందెం. ఓడినవాడు అందరి చైన్లూ తుడవాలి.

మా ఇల్లు ఇల్లుగా లేదు. బియ్యం చెరిగే చేటలో ఉక్కు గుళ్లు, తలుపు తెర మీద నల్లటి వేలిముద్రలు, స్నానాలగదిలో చక్రం. నా ఇడ్లీ పాత్రలో కిరసనాయిలు పోసి చైను నానబెట్టిన రోజు నేను శివాలెత్తితే, వాడు ఆ చైనును వేలికి తగిలించుకుని వచ్చి, "ఏంక్కా, ఒక పాత్ర కోసరం ఇంత కోపమా? ఈడ చూడుపా, ఎట్ల మెరస్తా ఉండాదో!" అన్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వాడి చక్రం వంకర నేనే తీసిపెట్టాను, వాళ్లకు అది చేతకావడం లేదని చూడలేక. అలా మొదలైంది. కొన్నాళ్లకు నేనూ నా పాత లేడీస్ సైకిలు మీద, పనిముట్ల సంచీ బుట్టలో వేసుకుని, ఆదివారాలు వాళ్ల వెనకాల పోయేదాన్ని. నాకు వాళ్లు పెట్టిన పేరు ఇన్‌స్పెక్టరక్క. నేను వస్తుంటే వాళ్లు సరుకు దాచేవారు కాదు, బండి ఎత్తి పట్టుకుని చూపించేవారు. నలభై ఐదేళ్ల వయసులో నాకది ఎంత కొత్తో చెప్పలేను.

ఇక అసలు సంగతి. సరైన హబ్బు మీద రెండు మరలుంటాయి. పళ్లచక్రానికి మామూలు మర, దాని మీద బిగించే లాక్ రింగుకు ఎడమ మర, అంటే ఎదురు వైపు తిప్పితే బిగుసుకునేది. కాళ్లతో వెనక్కి నొక్కినప్పుడు పళ్లచక్రం ఊడబోతే, ఎడమ మర ఉన్న రింగు ఇంకా బిగుసుకుని దాన్ని ఊడనివ్వదు. అలాంటి హబ్బులు అప్పట్లో మావాళ్లకు దొరికేవి కావు. అందుకని అందరూ మామూలు సైకిలు హబ్బు మీదే పళ్లచక్రం తిప్పి, దాని మీద అదే వైపు మర ఉన్న రింగొకటి తిప్పి, మధ్యలో ఎర్ర జిగురు పోసి ఎండబెట్టేవారు. తమ్ముడి చక్రం ఒడిలో పెట్టుకుని చూసిన రోజే నాకు తెలిసింది, ఇది తాళం కాదు, జిగురు ఉన్నంతకాలం నిలబడే మొహమాటం. అదే ఫ్యాక్టరీలో అయితే చూడగానే పక్కకు విసిరేసేదాన్ని. వాడు నా మొహం చూసి, అందరూ ఇట్లనే తొక్కుతుండారక్కా, ఒక్కటన్నా ఊడిందా అన్నాడు. నిజమే, అప్పటికి ఒక్కటీ ఊడలేదు.

మా దగ్గర మూడు రంగుల చీట్లుండేవి. పచ్చ చీటీ కడితే సరుకు మంచిది, ఎర్ర చీటీ కడితే పారేయాలి. రెంటికీ మధ్య పసుపు చీటీ, అంటే సరుకులో లోపముంది కానీ ఫలానా షరతు మీద వాడుకోవచ్చు, ఆ షరతు చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. నేను ఒక పసుపు చీటీ ఇంటికి తెచ్చి, ముందు బ్రేకు ఉన్నంతవరకే వాడవచ్చు అని రాసి, సంతకం పెట్టి, సన్నతీగతో వాడి సీటు కింద కట్టాను. పళ్లచక్రం ఊడినా చేతి బ్రేకు ఉంటే బండి ఆగుతుంది కదా అని నా లెక్క. వాళ్లందరూ తెగ నవ్వారు. తమ్ముడు మాత్రం ఆ చీటీ తీయకుండా, వాన పడితే తడవకుండా పైన ప్లాస్టిక్ కాగితం కూడా చుట్టాడు.

వాళ్లలో ఒక ఆచారముండేది. కాళ్లతోనే బండి ఆపడం పూర్తిగా వచ్చిందని అందరూ ఒప్పుకున్నాక, ఒక ఆదివారం టీకొట్టు ముందు ఆ మనిషి బ్రేకు తీసేవారు. తీసేది ఆ మనిషి కాదు, తాను కోరుకున్న మరొకరు, పిల్లకు చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒడి ఉండాలన్నట్టు. తీసిన బ్రేకును టీకొట్టు పందిరి తీగకు తగిలించేవారు. అప్పటికి ఏడు వేలాడుతున్నాయి, టీకొట్టాయన వాటికి శుక్రవారాలు సాంబ్రాణి పొగ కూడా చూపేవాడు. అందరూ స్నేహితులనే పిలిచేవారు. నా తమ్ముడి వంతు వచ్చినప్పుడు వాడు నా పేరు చెప్పాడు.

ఆ రోజు నేను తలంటుకుని, దాచుకున్న కంచి నూలు చీర కట్టుకుని పోయాను. పొంగలి పొట్లాలు తెప్పించారు. పన్నెండు మంది చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతుంటే, నేను రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని, నా సంచీలోంచి చిన్న కీ తీసి, బోల్టు వదులు చేసి, బ్రేకు ఊడదీసి వాడి చేతిలో పెట్టాను. నా చెయ్యి చాపితే అందేంత దూరంలో, సీటు కింద, నా చేతిరాతతో ఆ పసుపు చీటీ వేలాడుతూనే ఉంది. మరిచిపోయానని చెప్పుకుంటే నాకు కాస్త నిద్ర పట్టేదేమో. మరిచిపోలేదు. ఒక్క క్షణం దాని వైపు చూశాను, ఆరు నెలలు నిలిచింది కదా ఇంకేం ఊడుతుంది అనుకున్నాను. జీవితమంతా కాదు, కూడదు, పనికిరాదు అంటూ వచ్చినదాన్ని, ఆ ఒక్క పొద్దునా నా నోటితో ఆ మాట అని అంతమంది మొహాలు ముడుచుకునేలా చేయడం నాకు ఇష్టం లేకపోయింది. తమ్ముడు ఆ బ్రేకును పందిరికి తగిలించకుండా, ఇది నువ్వే ఉంచుకో అక్కా అని నా సంచీలో వేశాడు.

ఆ తర్వాత నాలుగో ఆదివారం వాళ్లు కోడంబాక్కం వంతెన ఎక్కి దిగారు. తమ్ముడు ముందు, వాడి వెనకే పిన్నికొడుకు, ఆ వెనక మిగిలినవాళ్లు, అందరికన్నా వెనక రొప్పుకుంటూ నేను. వంతెన ఎక్కుతుండగానే అవతలినుంచి చప్పుడు వినబడింది. నేను పైకి చేరేసరికి కింద ఆగి ఉన్న నీళ్ల లారీ వెనక మనుషులు మూగి ఉన్నారు. వాడి కుడి మోకాలు ఉండాల్సిన పద్ధతిలో లేదు. అంతకన్నా రాయలేను.

ఆసుపత్రి వరండాలో పిన్నికొడుకు చెప్పాడు. "కాళ్లెత్తేసినాడుక్కా. నేను ఎనకనే ఉంటిని, కంటితో చూస్తిని. పట్టీల్లోంచి కాళ్లు బయటికి తీసేసినాడు." వాడు అబద్ధం చెప్పలేదు, వాడు చూసింది అదే. మధ్యాహ్నం నేను బట్టలకోసం ఇంటికొచ్చేసరికి ఎవరో ఆ సైకిలు తెచ్చి బాల్కనీలో పెట్టి ఉన్నారు. ముందు చక్రం అప్పడంలా మడతపడి ఉంది. నేను వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. రింగు మర చివరిదాకా వచ్చేసి ఉంది, పళ్లచక్రం దాన్ని ఆనుకుని గలగలలాడుతోంది, జిగురు ఎర్రటి పొడి అయి రాలుతోంది. చూసేవాళ్లకు ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. వాడు పల్లంలో కాళ్లతో వెనక్కి నొక్కాడు, రింగు పట్టు వదిలింది, పెడళ్లకూ చక్రానికీ సంబంధం తెగిపోయింది. చేతికి బ్రేకు లేదు. ఇక మిగిలింది చెప్పులు నేలకు ఆనించి ఆపడమే, అందుకే పట్టీల్లోంచి కాళ్లు తీశాడు.

అప్పుడు నేను చేసిన పని ఇది. పళ్లచక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పి మొదటికి చేర్చాను. దాని మీద రింగు బిగించాను, మొదట రెండు వేళ్లతో, తర్వాత స్పానరుతో. రాలిన పొడి చీర చెంగుతో తుడిచాను. సీటు కింది చీటీ తీగ కత్తిరించి తీసి, నా గేజిల పెట్టెలో, ఆ బ్రేకు పక్కన పెట్టాను. ఇన్నేళ్లుగా ఎందుకు చేశావని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, భయమని తప్ప జవాబు దొరకలేదు. మర్నాడు పిన్నికొడుకూ ఇంకో ఇద్దరూ వచ్చి సైకిలు తలకిందులు చేసి చూశారు. రింగు గట్టిగా ఉంది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, పాపం, జడిసినాడు అన్నారు.

తమ్ముడికి వంతెన ఎక్కినదాకా గుర్తుంది, ఆపైన ఏమీ గుర్తులేదు. కాబట్టి వాళ్లు చెప్పిందే నమ్మాడు. మోకాలు మళ్లీ వంగలేదు, చేతికర్ర వచ్చింది. దానికి వాడు అంత బాధపడలేదు. స్నేహితులు మొదట్లో ప్రతి ఆదివారం వచ్చేవారు, ప్రేమగానే కూర్చునేవారు, కానీ వీడికే వాళ్ల కళ్లలోకి చూడటం చేతకాలేదు. మెల్లగా వాళ్లు రావడం తగ్గించారు, వీడు తలుపు తీయడం తగ్గించాడు. థియేటరులో పెద్ద బాధ్యత ఇస్తామంటే వద్దన్నాడు. మంచి సంబంధం ఒకటి వస్తే, పెళ్లికూతురి వాళ్లకు తానే ఫోను చేసి మాన్పించాడు. ఏమిట్రా అంటే, "నేను అవసరానికి కాళ్లెత్తేసే మనిషినిక్కా, నన్ను నమ్ముకుని ఇంకొకరా?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. పెట్టె పక్కగదిలోనే ఉంది. దోసె తిరగేశాను.

పన్నెండేళ్లకు పైగా అలా తిరగేస్తూనే వచ్చాను. పాండీ బజారు నుంచి ఇంటికొచ్చిన సాయంత్రం, వాడు కాఫీ తాగుతుంటే, పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, చీటీ వాడి చేతికిచ్చి, మొదటినుంచి చివరిదాకా చెప్పాను. వాడు చీటీ మీది నా రాతను చాలాసేపు చదివాడు. తర్వాత అడిగాడు.

"అట్లయితే నా కాళ్లు ఆడనే ఉండినాయా?"

"ఆడనే ఉండినాయిరా. పెడళ్లే నిన్ను ముందు వదిలేసినాయి."

"రింగు నువ్వే బిగిస్తివా?"

బిగించానన్నాను. వాడు అరిస్తే బాగుండేది. చేతికర్ర తీసుకుని గదిలోకి పోయాడు. లోపల వాడు ఏడవడం విన్నాను, యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉందని నాకు అనిపించడం నన్ను ఇంకా కోసింది. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు గుమ్మంలో నిలబడి, "వాళ్లకి చెప్పు" అన్నాడు. అక్కా అని పిలవలేదు. ఇవాళ్టిదాకా పిలవలేదు.

వాళ్లకి అంటే ఎవరికి? పిన్నికొడుకు పుణేలో ఉన్నాడు, ఫోను చేసి చెప్పాను. ఆ కథ నేనెంతమందికి చెప్పినానో నాకే గుర్తులేదక్కా, ఇప్పుడు ఎవర్ని పిలిచి కాదని చెప్పేది అన్నాడు. టీకొట్టు ఉన్నచోట మెట్రో పనులకు రేకులు అడ్డం పెట్టారు, పందిరికి వేలాడిన బ్రేకులు ఏ చెత్తలో కలిశాయో. ఆటో తోలే అతను పోయాడని విన్నాను. మిగిలినవాళ్ల నంబర్లు మారాయి, కొందరు మోకాళ్ల నొప్పులతో కార్లు కొనుక్కున్నారు.

రోజులు మారాయి, మంచికే మారాయి. ఆ సిగ్నలు దగ్గర నేను వంగి చూసిన రెండు చక్రాల్లోనూ ఎడమ మర రింగులు చక్కగా కూర్చుని ఉన్నాయి. ఫోనులో వేలితో నొక్కితే సరైన హబ్బు డబ్బాలో ఇంటికే వస్తోందట, గేజి పట్టుకుని వెనకాల తిరిగే ఇన్‌స్పెక్టరక్క ఆ పిల్లలకు అక్కర్లేదు. మా బాల్కనీలో ఇప్పుడు తులసికుండీ, ఆరేసిన తువ్వాళ్లు తప్ప ఏమీ లేవు, ఇడ్లీ పాత్ర తళతళలాడుతూ ఉంటుంది. ఆ కిరసనాయిలు వాసన కోసం నేను ఒక్కోసారి ఆ పాత్రలోకి తల పెట్టి చూస్తానంటే మీరు నవ్వుతారు. సరైన సామాను దొరకని ఆ రోజుల్లో మా దగ్గర ఉన్నదల్లా ఒకరి మీద ఒకరికి నమ్మకం, దాన్ని పాడుచేసినదాన్ని నేనే.

ఆదివారం పొద్దున కోడంబాక్కం స్టేషను పక్క ఆ టీ తాగినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, లేదా చదివినవాళ్లకు అలాంటి సైకిలు తొక్కే పిల్లలుంటే, దయచేసి ఈ ఒక్క మాట చేరవేయండి. ఆ రోజు వంతెన మీద ఊడింది రింగు. ఊడిందని తెలిసి, ఎవరూ చూడకముందే బిగించింది నేను. నా తమ్ముడు భయపడి కాళ్లెత్తలేదు.